గట్టిమేళానికి ముందు గుక్కెడు నీళ్లు

నేను ఒక ఉగ్గుగిన్నెను. ఇత్తడిదాన్ని, అరచేతిలో ఇమిడిపోతాను. ఒక పక్కన సన్నటి ముక్కు ఉంటుంది నాకు. పసివాళ్ల నోట్లో ఆముదమో వాముకషాయమో ఒలికిపోకుండా పోయడానికి దేవుడు, అంటే కంచరి అప్పలాచారి, నాకిచ్చిన అవయవం అది. ఈ రోజుల్లో పిల్లలు నన్ను చూసి ప్రమిద అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది? వాళ్ల తాతలు లోకంలోకి వచ్చాక మొట్టమొదట ద్వేషించింది నన్నే.

గోదావరి గట్టు పక్కన అప్పలాచారి కొలిమిలో పుట్టాను. అడుగు ఊడిన చెంబులు, మూత పోయిన మరచెంబు, నొక్కులు పడిన తాంబాళం, అన్నీ కలిపి కరిగించి మూసలో పోశాడు. అన్ని ఇళ్ల ఇత్తడి కలవడం వల్లేమో, నాకు అన్ని ఇళ్ల సంగతులూ కావాలి. చల్లారాక చూస్తే నా ముక్కు కాస్త పక్కకి వంకర తిరిగి ఉంది. అప్పలాచారి మొహం ముడుచుకుని నన్ను మళ్లీ కొలిమిలో పడేయబోయాడు. సరిగ్గా అప్పుడే చిట్టెమ్మ వచ్చింది.

"ఉంచు బాబూ, అదే కావాలి నాకు. తిన్నగా ఉన్న ముక్కు పిల్లోడి అంగిట్లో పొడుచుకుంటది. ఇదైతే బుగ్గలోకి పోద్ది," అంది.

అలా నా వంకర నాకు వరమైంది. లోపల కళాయి పూయించుకుని ఆవిడ నడుముకున్న సంచిలోకి ఎక్కాను.

చిట్టెమ్మ మంత్రసాని. ఊళ్లో ఎవరికి నొప్పులు మొదలైనా ముందు ఆవిడకే కబురు. కాన్పయ్యాక తల్లికి పత్యం, పిల్లకి నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ, ఆ తరవాత నేను. ఆవిడ కాళ్లు చాపుకుని, పిల్లాణ్ని ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, బుగ్గలు రెండూ మెల్లిగా నొక్కితే నోరు దానంతటదే తెరుచుకునేది. ఇవాళ పంచాయతీ ఆఫీసు ముందు మీసం మెలేసుకుంటూ తిరిగే పెద్దమనుషుల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. వాళ్లందరినీ కాళ్లు తపతప కొట్టుకుంటూ, మొహం కందగడ్డ చేసుకుని ఏడ్చేటప్పుడు చూశాను. సాయంత్రానికి ఉయ్యాల్లో గుడ్డ పాడైతే చాలు, ఇంటిల్లిపాదికీ పండగే. అమ్మమ్మ వచ్చి చూసేది, మేనత్త వచ్చి చూసేది, రంగు బాగుందని మెచ్చుకునేవారు. మనిషి ఆ పని చేసినందుకు నలుగురూ సంతోషించేది బతుకు మొత్తం మీద ఆ కాసిని నెలలే. ఆ తరవాత ఎవరి తిప్పలు వాళ్లవే. పైకి చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే నరకం.

ఇంతలో ఊరి ఆసుపత్రికి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆరు నెలలు నిండేదాకా పిల్లలకి తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదు, ఆముదం మాటే ఎత్తకూడదు అంది. చిట్టెమ్మ మొదట మూతి మూడు వంకర్లు తిప్పింది. కానీ మొండిమనిషి కాదు. పాలు చాలిన పిల్లలు ఏ ఆముదమూ లేకుండానే గుడ్డ మీద గుడ్డ పాడుచేస్తుంటే చూసి, ఒకరోజు నన్ను చింతపండుతో తళతళలాడేలా తోమి వంటింటి గూట్లో బోర్లించింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. పిల్లలు హాయిగా ఉన్నారు కదా అని తరవాత సర్దుకున్నాను.

చిట్టెమ్మ పోయాక ఆవిడ కోడలు తాయారమ్మ పాలబడ్డాను. తాయారమ్మకి మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఆ చూపులన్నీ మొగుడి మీదే.

ఆ మొగుడు వీరాస్వామి. చిట్టెమ్మ కొడుకు, నా ముక్కుతో ఆముదం తాగి పెరిగినవాడే. సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే వీరాస్వామి సన్నాయి, బావమరిది గంగరాజు డోలు, ఒక కరెంటు శ్రుతిపెట్టె. అంతే మేళం. ఆయన ఊదుతుంటే పందిట్లో చీట్లపేక ఆడేవాళ్లు కూడా ముక్క వేయడం మర్చిపోతారని గంగరాజు చెబుతుంటాడు. నేను నమ్ముతాను. తెల్లారగట్ల ఆయన పెరట్లో సాధన చేసేటప్పుడు నా లోపలి కళాయి కూడా సన్నగా వణికేది.

అంతటి మనిషికీ పొద్దున్నే ఒక పరీక్ష ఉండేది. సాధన అయ్యాక పెరటి మూల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. వెళ్లేటప్పుడు భూపాలం కూనిరాగం. కాసేపటికి శంకరాభరణం. ఆపైన తోడి. తోడి కూడా దాటి ముఖారికి వచ్చాడంటే ఇవాళ్టికి ఇంతే సంగతులని తాయారమ్మ పొయ్యి మీద స్నానం నీళ్లు దింపేసేది. ఆయన బయటికి వచ్చి ఎవరినీ చూడకుండా, ఎవరూ తనని చూడలేదన్నట్టు నడిచి వెళ్లేవాడు.

దీనికంతటికీ కారణం ఏమిటో గూట్లో కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది. పెళ్లి మేళమంటే మాటలు కాదు. ఊరి గుళ్లో అర్చకత్వమూ, పెళ్లిళ్ల పౌరోహిత్యమూ రెండూ చేసే కామేశం పంతులుగారు ఎప్పుడు చెయ్యి ఎత్తుతారో తెలియదు. ఎత్తిన మరుక్షణం గట్టిమేళం మోగాలి. ముహూర్తం వేళ ఎవరైనా తుమ్మినా, కీడు మాట దొర్లినా వధూవరుల చెవిన పడకుండా ఆ హోరులో కొట్టుకుపోవాలి. అందుకని వీరాస్వామి మేళం గద్దె మీద కూర్చున్నాడంటే కదలడు. కదలాల్సిన అవసరం రాకూడదని పొద్దుట్నుంచీ మంచినీళ్లు ముట్టడు. గొంతు తడారితే ఒక కాఫీ, నోట్లో తాంబూలం. అందరూ తిన్నాక ఆఖరి పంక్తిలో మిగిలిన బూరెలు, బొబ్బట్లు, పులిహోర, వంకాయ వేపుడు. ఆకుకూర అనే పదార్థం పెళ్లి విస్తరి మీద ఎప్పుడన్నా చూశారా మీరు? ఇంట్లో ఉన్న రోజున కడుపు పిలిచినా సాధన మధ్యలో లేవడం ఆయనకి అపచారం. ఆ పిలుపు రెండుసార్లు పిలిచి, మూడోసారి అలిగి వెళ్లిపోయేది.

మాఘమాసంలో వరస పెళ్లిళ్లు తగిలాయి. రోజులు గడిచినకొద్దీ ఆయన కడుపు డోలులా బిగిసింది. ఊపిరి కిందికి దిగడానికి చోటేదీ? ఒక పెళ్లిలో గట్టిమేళం పలుకుతూ పలుకుతూ మధ్యలో తెగిపోయింది. పందిట్లో ఎవరో, పెద్దాయనకి దమ్ము తగ్గిందిరా అన్నారట. ఆ మాట వీరాస్వామి చెవిన పడింది. ఇంటికొచ్చి సన్నాయికి గుడ్డ చుట్టి మంచం మీద కూలబడ్డాడు.

"నా పని అయిపోయింది తాయారూ. చైత్రంలో వేణుగోపాలస్వామి కల్యాణానికి వాయించి, ఆ పూటే సన్నాయి స్వామి పాదాల కాడ పెట్టేత్తాను. కామేశం పంతులుగారికి చెప్పేశాను కూడా," అన్నాడు.

వాళ్ల ఇంటి ఆనవాయితీ అది. వాయించలేని రోజు వస్తే సన్నాయిని కల్యాణం నాడు స్వామి పాదాల దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా రావాలి. వీరాస్వామి తండ్రి అలా పెట్టి వచ్చి, ఇంకా చాలాకాలం బతికి కూడా మళ్లీ ఒక్క రాగం పేరు ఎత్తలేదు. తాయారమ్మ ఆ మామగారిని చూసింది. అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయేవాడట. ఆ సాయంత్రం ఆవిడ పొయ్యి ముందు ఎసరు మరిగి ఇంకిపోయేదాకా కూర్చుంది. నాకు భయమేసింది. పొద్దుటి పూట ఆ సన్నాయి లేని ఇంట్లో ఆవిడెలా ఉంటుందా అని.

మర్నాడు గంగరాజు సలహా ఇచ్చాడు. "బావా, నీకు దమ్ము తగ్గలేదు. పొట్ట నిండిపోయుంది. ఇంత ఆముదం ఏసుకో. గంటలో ఖాళీ, ఆనక నీ ఊపిరికి అడ్డేటి?"

ఆ రోజు పొరుగూళ్లో పొద్దుటి ముహూర్తం. వీరాస్వామి తెల్లారుతూనే నన్ను గూట్లోంచి దించి, నిండా ఆముదం పోసుకుని, ముక్కు మూసుకుని తాగాడు. ఇన్నేళ్ల తరవాత నాకు పని దొరికిందని నేను పొంగిపోయాను. బయల్దేరే వేళయింది. కడుపు ఉలకలేదు, పలకలేదు. ఆయన ఆముదం సీసానీ నన్నూ సన్నాయి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. పెళ్లివారింట్లో దిగాక కూడా ఏమీ లేదు. ఇది పనిచేసే ఆముదం కాదని తీర్మానించుకుని, విడిదింటి వెనక నిలబడి ఇంకో గిన్నెడు పట్టించాడు. మీద వేడి వేడి కాఫీ. ఆముదానికి తొందరుండదు, దాని సమయం దానికి ఉంటుంది. ఆ సంగతి నేనెరుగుదును, నోరు లేదు చెప్పడానికి.

రెండు గిన్నెలూ మాట్లాడుకున్నట్టు ఒక్కసారే లేచాయి, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి. తెర పట్టుకుని ఉన్నారు. వీరాస్వామి మొహం పాలిపోయింది. సన్నాయి గంగరాజు ఒళ్లో పడేసి, పంచె కుచ్చిళ్లు పట్టుకుని పరుగు. కామేశం పంతులుగారు చెయ్యి ఎత్తారు. గంగరాజు చేతిలో సన్నాయి, ఒళ్లో డోలు, ఏది పట్టుకోవాలో తోచక నోరు తెరుచుకుని బావ వెళ్లిన దిక్కు చూస్తున్నాడు. పందిరంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. అందులో పెళ్లికొడుకు తాతగారు తుమ్మారు. అదేమీ చిన్న తుమ్ము కాదు.

పెళ్లికూతురు అమ్మమ్మ గుండె పట్టుకుంది. పంతులుగారే తెలివిగా, "తాతగారు చిరంజీవ అన్నారు, కానివ్వండి," అని గట్టెక్కించారు. వీరాస్వామి తిరిగొచ్చి తలెత్తకుండా మిగతా పెళ్లంతా వాయించాడు. చిత్రమేమిటంటే ఆ రోజు ఊపిరి ఎక్కడా తెగలేదు. అది గమనించే స్థితిలో ఆయన లేడు.

ఆ కబురు మాకంటే ముందే ఊరు చేరింది. మర్నాడు తాయారమ్మ మొగుణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నన్ను కూడా చెంగులో కట్టుకొచ్చి ఇప్పుడున్న కుర్ర డాక్టరు బల్ల మీద పెట్టింది. "దీన్నిండా రెండుసార్లు తాగేరండి," అని సాక్ష్యం చెప్పింది. డాక్టరు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వు ఆపుకున్నాడు. పొట్ట నొక్కి చూశాడు. రక్తం పడుతోందా, బరువు తగ్గారా, వాంతులున్నాయా అని అడిగాడు. అవేవీ లేవు. ఉంటే మాత్రం చిట్కాలు పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దని, వెంటనే రమ్మని మరీ మరీ చెప్పాడు.

"నీళ్లు ఎన్ని తాగుతారండి?"

"పెళ్లున్న రోజునాండి, లేని రోజునాండి?"

"ఉన్న రోజున."

వీరాస్వామి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "కాఫీ అందులోకి వత్తాదాండి?" అన్నాడు.

ఆముదం ఎప్పుడో తప్పనిసరైతే తప్ప తాగవద్దని, దాన్నే నమ్ముకుంటే పేగులు బద్ధకిస్తాయని డాక్టరు చెప్పాడు. కావలసింది నీళ్లు, పీచున్న తిండి, కాస్త నడక, పిలుపు వచ్చినప్పుడు వాయిదా వేయకపోవడం. ఇంతేనా అని వీరాస్వామి నిరాశపడ్డాడు. మనుషులకి పెద్ద జబ్బు ఉందన్నా భయమే, చిన్న మందు చాలన్నా నామోషీయే.

ఆ రోజు నుంచి వంటింటి అధికారం ముదిరింది. లేవగానే చెంబుడు గోరువెచ్చని నీళ్లు. అన్నంలో తోటకూర పప్పు, బచ్చలికూర, బీరకాయ పొట్టు పచ్చడి, అనపకాయ పులుసు. తెల్లన్నం బదులు దంపుడు బియ్యం. "ఆకులు మేయడానికి నేనేవన్నా మేకనా?" అని ఆయన విస్తరి ముందు అలిగితే, ఆవిడ ఇంకో గరిటె వడ్డించేది. ఉత్సాహం కొద్దీ మొదట్లో మూడు పూటలా ఆకుకూరలే పెట్టేసరికి పొట్ట ఇంకా ఉబ్బి, ఇల్లంతా నానారకాల స్వరాలు పలికింది. "డోలు నాకెందుకు బావా, నువ్వున్నావుగా," అని గంగరాజు ఆటపట్టించాడు. అప్పుడు తాయారమ్మ వెనక్కి తగ్గింది. కొద్దికొద్దిగా పెంచింది, దాంతోపాటు నీళ్లూ మజ్జిగా పెంచింది. సాయంత్రం జామపండు గింజలతో సహా తినాలి. మందుల షాపు నుంచి ఇసబ్‌గోల్ తెచ్చి, పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి, మీద ఇంకో గ్లాసు తాగించేది.

నాకూ కొత్త ఉద్యోగం దొరికింది. పడుకునే ముందు నాలో గుప్పెడు ఎండుద్రాక్ష వేసి నీళ్లు పోసి మూత పెట్టేది. పొద్దునకి అవి పసిపిల్లల బుగ్గల్లా ఉబ్బి ఉండేవి. వీరాస్వామి వాటిని నమిలి, ఆ నీళ్లు నా వంకర ముక్కుతోనే గటగటా తాగేవాడు. ఆ తరవాత కాలవ గట్టు మీద నడక. సాధనకి కూర్చున్నా సరే, కడుపు పిలిస్తే రాగం ఆపి లేవాలని ఆవిడ ఆజ్ఞ. "రాగం ఎక్కడికీ పోదు, వచ్చేక వాయించుకోవచ్చు," అనేది. పెరటి మూల గదిలోంచి ముఖారి వినపడటం మానేసింది. మెల్లిగా తోడీ పోయింది. ఒకనాడు భూపాలం పల్లవి దాటకముందే గడియ తీసిన చప్పుడైంది. తాయారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ మొహంలో ఆ సంతోషం చూసి నాకు ఉయ్యాల చుట్టూ మూగిన అమ్మమ్మలు జ్ఞాపకం వచ్చారు.

కానీ ఇంట్లో ఎంత చేసినా పెళ్లి రోజు మళ్లీ మొదటికొచ్చేది. గద్దె మీద నీళ్లు తాగడానికి ఆయన ఒప్పుకోడు. "తాగితే లేవాలి. లేస్తే ఏమవుద్దో ఊరంతా చూసేరుగా," అనేవాడు. చివరికి తాయారమ్మ తనే కామేశం పంతులుగారింటికి బయల్దేరింది. వీరాస్వామి సిగ్గుతో చచ్చిపోతూ వెనకే వెళ్లాడు. సంగతంతా విన్నాక పంతులుగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించారు.

"ఏమయ్యా వీరాస్వామీ, నాదీ అదే బాధయ్యా. నేను మాత్రం మంత్రం మధ్యలో ఎక్కడికి లేవను? నిర్జలంగా కూర్చుని కూర్చుని ప్రాణం పోతోంది. పైకి చెప్పుకోలేకపోయాను."

ఇన్నేళ్లుగా ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని, ఒకే బాధ పడుతూ, ఒకరికొకరు చెప్పుకోని మగాళ్లని చూసి తాయారమ్మ తల పట్టుకుందట. ఆ అరుగు మీదే ఒప్పందం కుదిరింది. కన్యాదానం ముందు ప్రవర చెప్పేటప్పుడు మేళంతో పని లేదు. అప్పుడు పంతులుగారి తమ్ముడు గోత్రాలు నిదానంగా చదువుతాడు. ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చి కూర్చుంటారు. పెళ్లివారెవరూ పట్టించుకోలేదు. ముత్తాతల పేర్లు స్పష్టంగా వినపడుతున్నాయని పైగా మెచ్చుకున్నారు.

ఇంత జరిగినా వీరాస్వామి ఆ పాత మాట ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. తాయారమ్మ అడగలేదు. స్వామి పేరు చెప్పి అన్న మాట కదా. చైత్రం వచ్చేసింది.

కల్యాణం నాడు ఆయన తొందరలో ద్రాక్ష నీళ్లు తాగకుండానే గుడికి వెళ్లిపోయాడు. తాయారమ్మ నన్ను మూతపెట్టి చేత్తో పట్టుకుని వెళ్లింది. జనంలో దారి చేసుకుని గద్దె దగ్గరికి వచ్చి నన్ను ఆయన పక్కన పెట్టింది. ప్రవర వేళ ఆయన నన్ను ఖాళీ చేశాడు. తరవాత మాంగల్యధారణ. పంతులుగారి చెయ్యి లేచింది. వీరాస్వామి సన్నాయి ఎత్తాడు. అబ్బ, ఆ ఊపిరి ఎక్కణ్నుంచి వచ్చిందో. పొట్ట అడుగు నుంచి, పాదాల నుంచి వచ్చినట్టు వచ్చింది. ఎంత సేపటికీ తెగలేదు. గంగరాజు డోలు దాన్ని అందుకోలేక వెంటపడి పరిగెత్తింది. ఆ హోరులో ఎవరైనా తుమ్మారో లేదో నాకు తెలియదు.

అక్షింతలు పడ్డాయి, హారతి అయింది. పంతులుగారు పళ్లెంలో పట్టుబట్ట పరిచి, దాని మీద తులసి మాల పెట్టి పట్టుకుని నిలబడ్డారు. ఎందుకో ఊరందరికీ తెలుసు. వీరాస్వామి ఒక చేత్తో సన్నాయి, ఒక చేత్తో నన్ను పట్టుకుని లేచాడు. గర్భగుడి ముందు ఆగి స్వామి వైపు చూశాడు. తాయారమ్మ స్తంభం పక్కన నిలబడి నేల చూపులు చూస్తోంది. పంతులుగారు పళ్లెం ముందుకి చాపారు.

వీరాస్వామి ఆ పళ్లెం మీదుగా నన్ను చాపాడు.

"పంతులుగారూ, ముందు కాసింత తీర్థం పొయ్యండి. దాహంగా ఉంది. రాత్రి పవళింపు సేవకి మళ్లీ వాయించాలి కదండి," అన్నాడు.

పంతులుగారు ఒక్క క్షణం ఆయన మొహం చూశారు. పళ్లెం కింద పెట్టేశారు. ఉద్ధరిణెతో ఒక చుక్క వేసి ఆగితే, "నిండా పొయ్యండి," అన్నాడు వీరాస్వామి. నిండా పోశారు. తులసి వాసన, పచ్చకర్పూరం చల్లదనం నా అంచుల దాకా వచ్చాయి. ఆయన సన్నాయి చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో నన్నెత్తి తాగసాగాడు.

"మెల్లిగా తాగండి, పొలమారుద్ది," అంది తాయారమ్మ అందరిలోనూ.